అమ్మ వచ్చేస్తుంది

చల్లపల్లి,
గురువారం.

ఫౌజియా టీచర్ గారికి,

మీ నర్సరీలో కొత్తగా చేరిన చరిత నాన్నను. సోమవారం పాప ఏడుస్తుంటే మీరు, "ఊరుకో తల్లీ, అమ్మ వచ్చేస్తుంది" అన్నారట. మీ తప్పేమీ లేదు. దాని తల్లి వేసవిలో చనిపోయిందని ఫారంలో రాయలేకపోయాను. తల్లి పేరు మాత్రం రాశాను. పాపకూ చెప్పలేక, అమ్మ ఊరెళ్లిందన్నాను.

నేనూ టీచర్నే. మోపిదేవి దగ్గర పల్లెలో పన్నెండేళ్లుగా ఒకటో తరగతి చెబుతున్నాను. ఏడ్చే ప్రతి పిల్లకీ ఆ మాటే చెప్పి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. వాళ్లు దాన్ని నమ్ముకుని సాయంత్రం దాకా కూర్చుంటారని తోచలేదు.

రెండు రోజులుగా చరిత ఇంటికి రానంటోంది. "అమ్మ బడికే వస్తుందంట, టీచర్ చెప్పింది. నువ్వెళ్లిపో నాన్నా" అంటోంది. నిన్న గేటు పట్టుకుంటే చేతులు విడిపించి ఎత్తుకొచ్చాను.

ఇవాళ మా బడిలో ఒక పిల్ల ఏడ్చింది. "మీ అమ్మ చేపలమ్ముకుని మధ్యాహ్నం బస్సుకి వస్తుంది, అందాకా నా పక్కన కూర్చో" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. ఏడవనిచ్చాను.

అమ్మ ఇక రాదని ఆదివారం చరితకు నేనే చెబుతాను. సోమవారం అది ఏడిస్తే, "నాన్న నాలుగున్నరకి వస్తారు" అనండి. అంతమటుకు నిజం.

చరిత నాన్న