ముందు లైసెన్సు, తర్వాత తాళం

మార్చి 3, సోమవారం

కారు అమ్మకానికి పెట్టాం. ఫొటోలు నేనే తీశాను. ఎడమవైపు నుంచి తియ్యవే, అటువైపు దాని ముఖం కళగా ఉంటుంది అన్నాడు నాన్న.

నాన్న పశువుల డాక్టరు. వెనక సీటులో ఎన్ని కుక్కలు, ఎన్ని పిల్లులు ఎక్కాయో. ఒకసారి మేకపిల్ల కూడా. ఎంత కడిగినా ఆ వాసన పోదు. ఇక డ్రైవింగ్ వద్దని కంటి డాక్టరు తేల్చి చెప్పింది. నాన్న లైసెన్సు వాపసు ఇచ్చేశాడు, తాళం మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా బండి తీస్తాడని అమ్మ భయం. అమ్ముతున్నది అందుకే.

మార్చి 5

ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోన్ చేశాను. చేసే ముందు మాటలన్నీ మనసులో రెండుసార్లు అనుకున్నాను. నేను పనిచేసే ప్రెస్సులో పక్క టేబుల్ ఆవిణ్ణి స్టేప్లర్ అడగాలన్నా నాకు ఇదే పద్ధతి.

కొనడానికి వచ్చినవాళ్ళు టెస్ట్ డ్రైవ్ చేస్తే మా పాలసీ వర్తించదట. అందులో పేరున్నవాళ్ళకే. లైసెన్సు ఫొటో పంపితే వాళ్ళకి ఒక్కరోజు కవర్ ఇస్తారట. లేకపోతే వాళ్ళు గోడని గుద్దినా, మనిషిని గుద్దినా మా నెత్తినే. ఫోన్లో ఉన్నావిడది పెద్దమ్మలాంటి గొంతు. ముందు లైసెన్సు, తర్వాత తాళం, ఒకసారి సీట్లో కూర్చున్నారంటే లైసెన్సు అడిగినా నవ్వేసి వెళ్ళిపోతారమ్మా అంది.

మరి మా నాన్న అని అడిగాను.

పేరు తీసేశామమ్మా, ఇప్పుడు ఆ కారుకి ఆయనా దారినపోయేవాళ్ళూ ఒకటే అంది. నా పేరు ఒక్కటే మిగిలిందట. నేనేమో లైసెన్సు ఉన్నా నడపను. భయం.

ఆ దారినపోయేవాళ్ళ మాట ఇంట్లో చెప్పలేదు.

మార్చి 8

పొద్దుటి నుంచి అద్దం ముందు లైసెన్సు అడగడం ప్రాక్టీసు చేశాను. మొదటి బేరం వచ్చింది. పొడుగాటి మనిషి. మీకు కుక్కలున్నాయా అన్నాడు నాన్న. రెండున్నాయి సార్ అన్నాడాయన. అంతే, తాళం చేతులు మారింది. కాన్వెంటులో సిస్టర్లు నాకు ఎక్స్‌క్యూజ్ మీ అనడం నేర్పారు. అది అనేలోపే కారు మలుపు తిరిగింది.

గంట దాటినా రాలేదు. అమ్మ గేటు పట్టుకుని నిలబడింది. ఊళ్ళోని గోడలన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

తీరా వచ్చాక చూస్తే వెనక సీటులో రెండు కుక్కలు. వాటికి నచ్చుతుందో లేదో చూద్దామని ఇంటికెళ్ళి తీసుకొచ్చాడట. నచ్చలేదట. ముందెక్కిన కుక్కల వాసనకి దారంతా మొరిగాయట.

రాత్రి నాన్నకి పాలసీ సంగతి చెప్పాను. కుక్కల్ని పెంచేవాడు మోసం చేస్తాడటే అన్నాడు. మోసం కాదు నాన్నా, గుద్దితే అన్నాను. నాన్న జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

మార్చి 9

తాళం నా దగ్గరుంది. అమ్మ హాయిగా నిద్రపోయింది.

మార్చి 12

కారు చూడడానికి ఒక నర్సు వచ్చింది. గేటు దగ్గరే, కనీసం రండి అని కూడా అనకుండా, లైసెన్సు అడిగేశాను. మా వార్డుకి నీలాంటి పిల్ల కావాలమ్మా అంటూ తీసిచ్చింది. కవర్ రాగానే తాళం ఇచ్చాను.

నాన్న వెనక కూర్చున్నాడు. సెకండ్ గేరుని బతిమాలాలమ్మా, కసురుకోకూడదు అని చెబుతూనే ఉన్నాడు. ఆవిడ బతిమాలింది. ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది.

మన పిల్ల అడిగిందే అని నాన్న అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

మార్చి 15, శనివారం

నాన్న గడ్డం గీసుకుని, క్లినిక్కి వేసుకునే చొక్కా వేసుకుని, గేటు బయట నిలబడ్డాడు. కారు అమ్ముతున్నారని విన్నానండీ, ఒక రౌండు నడిపి చూడొచ్చా అన్నాడు. నవ్వుతూనే. వీధి చివరిదాకా, అంతేనండీ అన్నాడు.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది.

వీధిలో ఒక్క మనిషి లేడు. ఇచ్చేద్దామనిపించింది. ఎవరికి తెలుస్తుంది?

తాళం కోసం చెయ్యి చాపాడు. నా చెయ్యి ఉన్నచోటికి కాదు. కొంచెం పక్కకి.

మీ లైసెన్సు చూపిస్తారా అండీ అన్నాను.

నాన్న జేబులన్నీ వెతికాడు. దువ్వెన, కుక్క బిస్కెట్టు తీసి బానెట్ మీద పెట్టాడు. తెచ్చుకోవడం మర్చిపోయానండీ అన్నాడు.

అయితే కుదరదండీ.

దువ్వెన, బిస్కెట్టు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తర్వాత బానెట్‌ని చేత్తో తడుముకుంటూ అటువైపు వెళ్ళి, పక్క సీటు తలుపు తీశాడు. పోనీ మీరు నడిపి చూపించండి అన్నాడు.

వీధి చివర ఆగలేదు. ఊరు దాటాం. గేరు కీచుమన్నప్పుడల్లా నాన్న నన్ను ఏమీ అనలేదు. డాష్‌బోర్డుని మాత్రం నిమిరాడు. ఇంకొంచెమే, ఓర్చుకో అని దానికి చెప్పాడు.

మార్చి 16

నర్సు వచ్చి తీసుకెళ్ళింది. ముగ్గురం గేటు మూయడం మర్చిపోయాం.

మార్చి 20

బస్సులో నాన్న డ్రైవర్ వెనక సీటు అడిగి మరీ కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా నాన్న కుడికాలు లేని బ్రేకు తొక్కుతోంది. చూడనట్టు పుస్తకం తెరిచాను.

రెండో మలుపులో నేనూ తొక్కాను.