వంతెన కింద నీళ్లు

మాఘమాసం, మంగళవారం

దుబాయిలో ఉన్న తమ్ముడు పంపిన బొమ్మరైలు పొద్దున పెరట్లో వంతెన దాటింది. వంతెన కింద చెరువు కూడా ఉంది. చెరువంటే మా పసుపు ఉడకబెట్టే కడాయే. నేలలో పాతి నీళ్లు నింపాను.

మధ్యాహ్నం పక్కింటి నర్సయ్య వచ్చాడు.

"అన్నా, పసుపు తవ్వినం. జర కడాయి ఇస్తవా?"

కాదనడానికి నోరు రాలేదు. వాడి పసుపు ఆగకూడదు కదా. ఇద్దరం పలుగుతో కడాయిని పైకి లేపాం.

మా ఆవిడ రాజవ్వ ఒకటే నవ్వు. "మనూరికే రైలు లేదు, నీ రైలుకు చెరువు గూడ గావాల్నా?"

మిగిలిన గుంతలో నీళ్లు పోస్తే పోసినట్టే ఇంకిపోయాయి. ఊరి చెరువు నుంచి తట్టలతో నల్లమట్టి తెచ్చి, తొక్కి, గుంతంతా మెత్తాను. సాయంత్రం మళ్లీ నీళ్లు నింపి, ఎంతవరకున్నాయో తెలిసేలా పుల్ల గుచ్చాను.

ఇందాక పడుకోబోతూ రాజవ్వే అడిగింది.

"నీళ్లు నిలిచినయా?"

"ఇంకా చూడలే."

"భయమా? ఇంకితే రేపు నేను గూడ మట్టి తొక్కుత తియ్."

నీళ్లు లేనిచోట వంతెన ఎందుకు? రైలు నీళ్ల మీదుగానే పోవాలి.

నిలిచినా, ఇంకినా, రేపు ఇంకో తట్ట మట్టి తెస్తాను.