పది రోజుల యాజమాన్యం

మే 6, 2001. ఆదివారం.

తీర్మానం! మా ఇంటి సర్వసభ్య సమావేశంలో, అంటే నేనొక్కణ్ణే మాట్లాడగా మిగతావాళ్ళు అన్నం తింటుండగా, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

రేపటి నుంచి మా ఆవిడ గౌరీశ్వరికి ద్వారకానగర్‌లో పది రోజుల కోచింగు. పొద్దున్న ఎనిమిదికి బస్సెక్కితే సాయంత్రం ఐదు దాటాకే రావడం. ఇరవయ్యో తారీఖున టీచరు ఉద్యోగానికి పరీక్ష. పెళ్ళినాటికే బీఈడీ పాసైంది. తొమ్మిదేళ్ళుగా ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర కింద పడుంది. కిందటిసారి పిల్లలు నిద్రపోయాక చదివి పరీక్ష రాస్తే కొద్దిలో పోయింది. వచ్చేసారికి వయసు దాటిపోతుంది. కాబట్టి ఇదే ఆఖరు.

వాళ్ళ అమ్మగారిని పిలిపిస్తానంది. నేను ఒప్పుకోలేదు. నేనేమన్నా సామాన్యుణ్ణా? పోర్టులో క్రేన్ ఆపరేటర్ని, యూనియన్ సహాయ కార్యదర్శిని. "గేటు ముందు మూడొందల మందిని కూర్చోబెట్టి మాట్లాడినవాణ్ణి. ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టలేనా?" అన్నాను. సెలవు కూడా పెట్టేశాను. గౌరి "చూద్దాం లెండి" అంది. ఆ 'లెండి' నాకు నచ్చలేదు.

సరే. ఈ పది రోజులూ ఇంట్లో టీవీ లేదు. ప్యాకెట్ తిండి లేదు. తిట్టడాలు, కొట్టడాలు లేవు. సాయంత్రం ఇంటికొచ్చాక గౌరి పుస్తకం మూయాల్సిన అవసరం రాదు. ఇది గురునాథరావు మాట!

ఆదివారం పేపర్లో 'సెలవుల్లో బుజ్జాయిలతో బోలెడు సరదా' అని వచ్చింది. కత్తిరించి గోడకి అంటించాను. పక్కనే టైంటేబులు. పోర్టులోలాగే 'ఎ' షిఫ్టు బొమ్మలు, జనరల్ షిఫ్టు తిండీ నిద్రా, 'బి' షిఫ్టు ఆటలు. డ్రాయింగు కాగితాలు, సిరా, బెండకాయలు కొన్నాను. చిరుతిండికి రెండు కిలోల మురీలు. మరమరాలు ఎంత చవక, ఎంత తేలిక, ఎంత ఆరోగ్యం! ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదో.

మే 7. సోమవారం.

అద్భుతం!!

బెండకాయ అడ్డంగా కోసి సిరాలో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు. ఎనిమిదేళ్ళ కీర్తన ఒక తోట వేసింది. ఆరేళ్ళ శంకర్ ఒక అడవి వేశాడు. మూడేళ్ళ చంటిగాడు తన పొట్ట మీద వేసుకున్నాడు. స్నానంతో సహా అదీ ఒక ఆటే.

తర్వాత నా సొంత ఐడియా. పోర్టు దుమ్ము పుణ్యమా అని మా మల్కాపురంలో ఏ ఇంటి కిటికీ అద్దమైనా నల్లగా ఉంటుంది. దాని మీద వేలితో ఓడలు గీయించాను. ఖర్చు లేదు. తెల్లారేసరికి కొత్త దుమ్ము, కొత్త పలక. పేపరువాళ్ళకి రాయాలి.

మధ్యాహ్నం ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, నిమ్మరసం వేసి మురీ మిక్చర్. బీచిలో బండివాడు నా ముందు బలాదూర్. పిల్లలు ఇంకా ఇంకా అని తిన్నారు.

గౌరి వచ్చి కాళ్ళు కడుక్కుని పుస్తకం తీసింది. అన్నం కూడా పుస్తకం ముందేసుకునే తింది. పిల్లల్ని చూడ్డం పెద్ద పని అని ఇన్నాళ్ళూ ప్రచారం చేసిందెవరో!

మే 8. మంగళవారం.

బాగానే గడిచింది. ఒక చిన్న సంఘటన.

పక్కింటి అసిరమ్మ సింహాచలం వెళ్దామని తెల్లచీర ఉతికి ఆరేసుకుంది. దాని అంచంతా బెండకాయ పువ్వులు. చంటిగాడి ఎత్తు ఎంతో అంతవరకు.

"ఓలమ్మ! ఏటి బాబూ ఇది? ముసల్దాన్ని, నాకు పువ్వుల కోకేటి?"

"అందంగానే ఉంది కదమ్మా" అన్నాను.

"నీ పెల్లానికి కట్టు" అని చీర నా చేతిలో పెట్టి వెళ్ళింది. బి షిఫ్టంతా ఉతకడంతో సరిపోయింది. మరక పోలేదు. బెండకాయలు రద్దు.

చిరుతిండి: మురీ ఉప్మా. పర్వాలేదు.

మే 9. బుధవారం.

చిరుతిండి: బెల్లంపాకంతో మురీ ఉండలు. పాకం ముదిరింది. శంకర్ ఒక ఉండని గోడకేసి కొట్టాడు. గోడ పెచ్చు ఊడింది.

"మళ్ళీ మురీయేటి నాన్నా?" అన్నాడు.

తీర్మానానికి ఒక సవరణ. టీవీ అంటే సినిమాలూ బొమ్మలూ అని నా ఉద్దేశం. వార్తలు టీవీ కిందకి రావు, అది లోకజ్ఞానం. కనుక వార్తల కోసం పెట్టాను. అయిపోయాక కట్టేయడానికి లేచేలోగా బొమ్మల కార్యక్రమం దానంతటదే వచ్చేసింది. నా తప్పేముంది? అరగంట. మహా అయితే గంట.

మే 10. గురువారం.

మా యూనియన్ కార్యదర్శి భీమశంకరరావు వచ్చాడు. నేను చంటిగాడి ముక్కు తుడుస్తున్నాను.

"ఏటి బావ, ఆయా పన్లో సేరిపోనావేటి?"

"తాత్కాలికం. పది రోజులు" అన్నాను, ముక్కుగుడ్డ వెనక దాచి.

జీతాల ఒప్పందం గురించి అరుగు మీద రెండు గంటలు మాట్లాడాం. వాడు ఉపాయం చెప్పాడు. "సమ్మె అననేల బావ. రూలు పెకారం పన్జేద్దాం. కాగితం మీద రాసిందే సేత్తాం, రాయంది ముట్టం. మూడ్రోజుల్లో ఆళ్ళే దిగొత్తారు. దిగిరాకపోతే అప్పుడు గేటుకడ్డంగా కూకుందాం."

పిల్లలు ముగ్గురూ గుమ్మంలో చేతులు కట్టుకుని కూర్చుని కదలకుండా విన్నారు. నాలుగు రోజుల నా శిక్షణ ఊరికే పోలేదు!

మే 11. శుక్రవారం.

"కీర్తనా, పాలగ్లాసు కడిగి పెట్టు."

"టైంటేబుల్లో పాలు తాగడం ఉంది నాన్నా. కడగడం రాయనేదు."

"శంకరూ, చొక్కా వేసుకో."

"రాయనేదు."

"ఎవర్రా మీకీ మాటలు నేర్పింది?"

"భీమశంకరం మావ. నువ్వూ ఔనన్నావు కదేటి?"

బాత్రూముకి వెళ్ళాలని కూడా టైంటేబుల్లో రాయలేదు. చంటిగాడు నిబంధన తు.చ. తప్పకుండా పాటించాడు. నేల తుడిచాను. రెండుసార్లు.

మే 12. శనివారం.

సమ్మె!!

పొద్దున్న వాళ్ళమ్మ బస్సెక్కేదాకా ఆగారు. అది నేనూ మెచ్చుకోవాల్సిందే. ఎక్కగానే ముగ్గురూ వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకున్నారు. డ్రాయింగు కాగితం మీద రంగు పెన్సిళ్ళతో కోర్కెల పత్రం. మురీ వద్దు. కొట్లో అమ్మే కారం రింగుల ప్యాకెట్టు రోజుకొకటి. టీవీ. నాన్న మధ్యాహ్నం నిద్రపోతే మేం కూడా నిద్రపోవాలనే రూలు వద్దు.

"నాన్న మొండివైఖరి..." అని కీర్తన.

"నశించాలి!" అని శంకర్.

"నసించాలి!" అని చంటిగాడు. వాడికి ఆ ఒక్క ముక్కే వచ్చు. వాళ్ళిద్దరూ ఆపినా వాడు ఆపడు.

సమ్మె విరమిస్తేనే చర్చలు అన్నాను. ఇరవయ్యేళ్ళుగా ఈ మాట అవతలివాళ్ళ నోట విని బల్లలు గుద్దినవాణ్ణి. ఈరోజు నా నోట్లోంచే వచ్చింది! సిగ్గేసింది కానీ వెనక్కి తీసుకోలేదు. తర్వాత శంకర్ని పెరట్లోకి పిలిచి రహస్యంగా పాల ఐసు కొనిచ్చాను. వాడు పుల్లదాకా నాకి, మూతి తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి గుమ్మంలో పడుకున్నాడు.

"ఐసు వేరు, డిమాండు వేరు నాన్నా."

మధ్యవర్తిగా భీమశంకరరావుని పిలిచాను. వాడు కాగితం చదివి, "నాయమైన కోర్కెలే బావ" అని వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఒప్పందం. అన్నీ ఒప్పుకున్నాను.

మే 14. సోమవారం.

పొద్దుటి నుంచి టీవీ. కరెంటు పోయిన గంటసేపు లేదు. ఆ గంటే నరకం.

రింగుల ప్యాకెట్లు: వాళ్ళకి మూడు, నాకు రెండు. నిజం చెప్పాలంటే నాకు మూడు. ఖాళీ కవర్లు మురీల సంచిలో దాచాను. ఆ సంచి ఎవరూ తెరవరు గదా.

గౌరి తెరిచింది. పుస్తకం మూసి, గిన్నెలు తోమి, పిల్లలకి నీళ్ళు పోసి, వంట చేసి, మళ్ళీ పుస్తకం తీసేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను చేసేవాణ్ణే. నడుం పట్టేసింది.

మే 15. మంగళవారం.

వేసవి. ఉక్కపోత. ఈ ఎండల్లో ఎవరైనా పిల్లల్ని ఆడిస్తారా? పేపర్లో రాసినవాడికి పిల్లలున్నట్టు లేరు.

మే 16. బుధవారం.

ఇది రాయడం నాకిష్టం లేదు.

పదకొండింటికి చంటిగాడు అమ్మా అని ఏడుపు మొదలుపెట్టాడు. టీవీకి ఆగలేదు, రింగులకి ఆగలేదు. వాణ్ణి చూసి శంకర్, శంకర్ని చూసి కీర్తన. నాకు తల తిరిగింది. ముగ్గుర్నీ ఆటోలో కుదేసి ద్వారకానగర్ తీసుకెళ్ళి, క్లాసు గుమ్మంలో నిలబడి గౌరిని పిలిచాను.

అందరూ తిరిగి చూశారు. గౌరి పుస్తకాలు సర్దుకుని బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చుని చంటిగాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. లేపితే మళ్ళీ ఏడుస్తాడని తను లేవలేదు. లోపల మాస్టారి గొంతు వినపడుతూనే ఉంది. తను మెడ చాచి వినడానికి చూసింది. మెట్ల పక్కన బస్సులు, ఆటోలు. ఏం వినపడుతుంది?

తిరిగొచ్చే బస్సులో అడిగాను, "ఏం పాఠం పోయింది?" అని.

"లెక్కలు. నాకు రానివి అవొక్కటేనండి."

అంతే అంది. తిట్టినా బాగుండేది. మల్కాపురం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

మే 17. గురువారం. కోచింగు ఆఖరి రోజు.

గోడ మీది టైంటేబులు, పేపరు ముక్క రెండూ పీకేశాను. నేల మీద కూర్చుని కీర్తనని అడిగాను. "అమ్మ మిమ్మల్ని ఏం ఆటలాడిస్తుందే?"

"ఆటలేటీ ఆడించదు. పనిత్తది."

"ఏం పని?"

"సంటోడికి నీల్ల గిన్నె, గరిటి. శంకరుకి ఉల్లిపాయలు ఒలవడం. నాకు కొబ్బరి కోరడం."

అలాగే ఇచ్చాను. అటుకులు తడిపి, బెల్లం కలిపి, కీర్తన కోరిన కొబ్బరి వేశాను. బెల్లం కొట్టే పని శంకర్ది. సగం బెల్లం వాడి నోట్లోకే పోయింది. ఇల్లంతా నీళ్ళు. ఉల్లిపొట్టు దానిమీద తేలుతోంది. కానీ ఎవరూ ఏడవలేదు, టీవీ అడగలేదు. మధ్యాహ్నం ముగ్గురూ నా మీద కాళ్ళేసి నిద్రపోయారు.

గౌరి వచ్చేసరికి వంట అయింది. పప్పు మాడింది. పుస్తకం మాత్రం మూయనివ్వలేదు.

మే 20. ఆదివారం.

పరీక్ష. ఇంట్లో ఉండమంటే పిల్లలు మళ్ళీ సమ్మె అన్నారు. నలుగురం గౌరి వెంట సెంటర్ దాకా వెళ్ళాం.

గౌరి గేటు దాటుతుంటే కీర్తన "అమ్మ..." అని అరిచింది. శంకర్ "జిందాబాద్!" అన్నాడు. చంటిగాడు వాడికొచ్చిందే పెద్దగా అందుకున్నాడు. "నసించాలి!" గేటు దగ్గర కానిస్టేబులుతో సహా అందరూ నవ్వారు. గౌరి వెనక్కి తిరిగి, ఈ పదిహేను రోజుల్లో మొదటిసారి, నవ్వింది.

బయటికొచ్చాక అడిగాను. "ఎలా రాశావు?"

"బాగానే రాశాను. రెండు లెక్కలు వదిలేశాను."

మెట్ల మీద పోయిన పాఠంలోవేనా అని నేను అడగలేదు.

ఆగస్టు 26. ఆదివారం.

మూడు నెలల తర్వాత ఈ డైరీ తీశాను.

గౌరికి ఉద్యోగం వచ్చింది! జాబితాలో ఆఖరు నుంచి నాలుగో పేరు. ఆ రెండు లెక్కలు లేకపోయినా వచ్చింది. అందులో నా గొప్పేమీ లేదు. నేనున్నా కూడా వచ్చింది, అదీ నిజం. సర్టిఫికెట్టు పెట్టెలోంచి తీసి ఫైల్లో పెట్టుకుంది. రేపే చేరడం. భీమిలి అవతల ఒక ఊరి బడి. రెండు బస్సులు మారాలి. పొద్దున్న ఆరింటికి బయల్దేరాలి. ఇది పది రోజులు కాదు, ఆవిడ రిటైరయ్యేదాకా.

నేను అడిగి సాయంత్రం షిఫ్టు వేయించుకున్నాను. పొద్దున్న పిల్లల్ని లేపడం, తయారుచేయడం, బడికి పంపడం, చంటిగాణ్ణి చూడడం నా వంతు. "బావ, నీకిది పెర్మనెంటయిపోనాదేటి?" అన్నాడు భీమశంకరరావు. "అవును. కన్ఫర్మ్ చేశారు" అన్నాను. అత్తగారు వస్తానంటే ఈసారి రమ్మన్నాను. నేను షిఫ్టుకెళ్ళే వేళకి దిగి, గౌరి వచ్చాక ఇంకో గంట దాకా ఉంటుంది.

కనుక తీర్మానం. రేపటి నుంచి ఇంట్లో టీవీ లేదు, వార్తలతో సహా. ప్యాకెట్ తిండి లేదు, డబ్బాలో ఉన్నవి అయిపోయాక. తిట్టడాలు, కొట్టడాలు లేవు. టైంటేబులు కూడా లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక టీచరమ్మ ఒక గంట ఊరికే కూర్చోవాలి.

ఈ సందర్భంగా బజారుకెళ్ళి రెండు కిలోల మురీలు కొనుక్కొచ్చాను. సంచి వంటింట్లో దించగానే చంటిగాడు వచ్చి దానిముందు నిలబడ్డాడు. పిడికిలి పైకెత్తాడు.

"నసించాలి!"

"ఏం నశించాలిరా?" అంది గౌరి, రేపటి చీర ఇస్త్రీ చేస్తూ.

వాడు సంచిని వేలెత్తి చూపించాడు. మూడు నెలలుగా సగం నినాదమే వచ్చినవాడు, ఈరోజు మొత్తం చెప్పాడు.

"మురీ నసించాలి!"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది గౌరి.

సవరణ: మురీలకి బదులు అటుకులు. మురీల సంచి అసిరమ్మకి, ఆ చీర బాకీ కింద. మిగతా తీర్మానం రేపు పొద్దున్న నుంచి యథాతథంగా అమలు.