పోలీసులొచ్చినా చెప్పను

కొత్వాల్ చావడి, చెన్నపట్నం
6 నవంబరు 1951

బాలికల హైస్కూలు హెడ్మిస్ట్రెస్ బాలసరస్వతమ్మగారికి,

చింతపండు మండీ జనార్దనం నాయుడు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయాను గానీ క్షేమం లేదు. కారణం మీ స్కూలు.

మా పుష్పవల్లి మీ దగ్గర ఫోర్తు ఫారం చదువుతోంది. నిన్న ఇంటికొచ్చి, క్లాసు లీడరుకు ఎలక్షన్ పెట్టారని చెప్పింది. సంతోషం. ఎవరికి వేశావే అని అడిగాను. "చెప్పకూడదు నాయినా" అంది. కన్నతండ్రికి కూడానా అన్నాను. "పోలీసోళ్లొచ్చి అడిగినా చెప్పకూడదంట" అంది.

అమ్మా, మా ఇంట్లో తాళం వేసే పెట్టె ఒక్కటే, అది నాది. పిల్లకు రహస్యం ఎక్కడి నుంచి వచ్చింది? తెర కట్టారట. వెనక్కి ఒక్కొక్క పిల్లే వెళ్లిందట. ఏదో కాగితం డబ్బాలో వేసిందట. చాటున జరిగే పని ఏదీ మంచిది కాదని నా అనుభవం. ఆ కాగితాల్లో ఏం రాసుంది? అవి ఎవరికి చేరాయి?

ఇట్లు,
నిద్ర పట్టని
జనార్దనం నాయుడు

తా.క.: మీ తెర ఏ బట్టతో కట్టారు? పలచనిదైతే కొంత నయం.


చింతాద్రిపేట
8 నవంబరు

నాయుడుగారికి,

నమస్కారాలు. మీ నిద్ర చెడగొట్టినందుకు విచారిస్తున్నాను.

వచ్చే జనవరిలో మన ఊళ్లో ఓట్లు వేయబోతున్నారు. ఇరవైయొక్కేళ్లు నిండిన ప్రతివారికీ, ఆడవారికీ మగవారికీ, మీకూ మీ ఇంటి పాచిపనిమనిషికీ ఒక్కటే ఓటు. ఈ పిల్లలు రేపు వేయాల్సినవాళ్లు కనుక ఇప్పుడే నేర్పుతున్నాం. పోటీ చేసేవారికి తలా ఒక బిస్కత్తు డబ్బా, దాని మీద ఒక బొమ్మ. నచ్చినవారి డబ్బాలో చీటీ వేయడమే. చీటీ మీద ఎవరూ ఏమీ రాయరు కాబట్టి అది ఎవరికీ ప్రేమలేఖగా పనికిరాదు.

చాటున జరిగేది మంచిది కాదన్నారు. మండీలో మీరు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారని విన్నాను. పక్కవాడి ముఖం చూసి ధర మారకూడదనే కదా. మాదీ అంతే, కాస్త పెద్ద తువ్వాలు.

ఇట్లు,
మీ పిల్ల మీద పూర్తి నమ్మకంతో
బాలసరస్వతి

తా.క.: తెర నా పాత కోయంబత్తూరు చీర. పలచనిది కాదు.


కొత్వాల్ చావడి
12 నవంబరు

హెడ్మిస్ట్రెస్ గారికి,

నమస్కారం. తువ్వాలు సంగతి మీకెవరు చెప్పారు? మా పుష్పవల్లేనా? సొంత ఓటు చెప్పదు గానీ, తండ్రి వ్యాపారం మాత్రం ఊరంతా చెబుతుందన్నమాట. అయినా తువ్వాలు కింద అవతలి వేలు ఎవరిదో నాకు తెలుస్తుంది. మీ తెర వెనక ఎవరున్నారో ఎవడికి తెలుసు?

హల్వా తెచ్చి అడిగాను. మొత్తం తిని, చేయి కడుక్కుని, "లంచం తీసుకొని చెప్పేది ఇంకా పెద్ద తప్పు నాయినా" అంది. అయితే తిన్నదెందుకు?

అసలు సంగతి ఇంకా ఉంది. మా సందులోని రామభజన సమాజానికి నేనే ప్రెసిడెంటును, ఎన్నో ఏళ్లుగా. ప్రతి ఏడూ ఎవరెవరు నా పక్షం అని అడుగుతాను, అందరూ చేతులెత్తుతారు. నిన్న అన్నం తింటూండగా మా పిల్ల అంటుంది కదా, "నువ్వు మొఖం మొఖం చూస్తా వుంటే, ఎత్తకుండా వుండేదానికి ఎవురికి దైర్నం నాయినా?" ఇది ఫోర్తు ఫారం బుర్రలో పుట్టే మాట కాదు. మీరే నేర్పారు. ఎందుకు నేర్పారో, వెనక ఎవరున్నారో నేను కనిపెడతాను.

ఆ కోపంలోనే సమాజానికి వెళ్లి అందరి ముందూ ఒట్టు పెట్టాను. వచ్చే ఆదివారం మీ పద్ధతిలోనే ఎన్నిక. ఎదురు నిలబడేదెవరని అడిగితే, ఇన్నాళ్లూ ముందు చెయ్యెత్తిన ఏకాంబరమే లేచాడు! నేను గెలిస్తే పుష్పవల్లి చదువు చాలు. ఓడితే అది ఎంతవరకు చదువుతానంటే అంతవరకు చదివిస్తాను. డబ్బాలూ ఆ చీరా పంపండి.

ఇట్లు,
అనుమానం రెట్టింపైన
జనార్దనం నాయుడు

తా.క.: ఈ ఉత్తరం పిల్ల చేతికే ఇస్తున్నాను. లక్క ముద్ర చెదిరి ఉంటే తెలియజేయండి.


చింతాద్రిపేట
14 నవంబరు

నాయుడుగారికి,

నమస్కారాలు. ముద్ర చెదరలేదు.

రెండు డబ్బాలూ చీరా పంపుతున్నాను. కానీ ఆడపిల్ల చదువును పందెంలో పెట్టడం నాకు నచ్చలేదు. మీకు ముందు ధర్మరాజుగారు ఇలాంటి పనే చేశారు. ఆయనకూ తనే గెలుస్తానని గట్టి నమ్మకం.

క్లాసులో పుష్పవల్లిని పిలిచి అడిగాను, భయంగా ఉందా అని. "నాయిన ఒట్టు పెడితే తప్పరు టీచర్, నలుగురిలో అన్నారు కదా" అంది. మీ మీద ఒక్క మాట పడనివ్వలేదు. డబ్బాల మీద బొమ్మలు తానే అతికిస్తానని అడిగి తీసుకుంది. మీకు దీపం, ఏకాంబరంగారికి గొడుగు.

ఇట్లు,
కంగారుగా
బాలసరస్వతి

తా.క.: పోటీ చేసేవారికి కూడా ఓటు ఉంటుంది. మరచిపోకండి.


కొత్వాల్ చావడి
19 నవంబరు

బాలసరస్వతమ్మగారికి,

నమస్కారాలు. ఓడిపోయాను. ఒక్కటంటే ఒక్క ఓటు తేడా.

నిన్న లెక్క తేలినప్పటి నుంచీ ఓదార్పులే. వచ్చిన ప్రతివాడూ తన ఓటు నాకే వేశానని ప్రమాణం చేశాడు. వాళ్ల లెక్క ప్రకారం ఏకగ్రీవంగా నేనే గెలిచాను. ఏకాంబరం కూడా వచ్చి అదే మాట అన్నాడు! భజన దగ్గర మృదంగం వాయించే ఆదికేశవులుకూ నాకూ పాత తగవుంది, వాడే ముంచాడని అందరి అనుమానం. కొట్టడానికి కూడా బయల్దేరారు. వాడు కాదని నేనే అడ్డం పడ్డాను. నీకెట్లా తెలుసన్నారు. తెలుసంతే అన్నాను.

నా వంతు వచ్చినప్పుడు నేనూ తెర వెనక్కి వెళ్లాను. రెండు డబ్బాలున్నాయి. గొడుగు బొమ్మ ఓ పక్కకి ఒరిగి ఉంది. నా దీపం మాత్రం నాలుగు అంచులా బంక రాసి, ఎక్కడా లేవకుండా నున్నగా అతికించింది మా పిల్ల. నేను గెలిస్తే తన చదువు పోతుందని తెలిసి కూడా. నా కళ్లలో నీళ్లొచ్చాయమ్మా. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకుంటే మండీలో నా మాటకు విలువుండదు. తీసుకోకపోతే ఇంట్లో నా ముఖానికి విలువుండదు. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మీ కోయంబత్తూరు చీర నిజంగానే పలచనిది కాదు.

ఒట్టు ప్రకారం పుష్పవల్లి ఇవాళ స్కూలుకు వస్తోంది. గొడుగు డబ్బా, చీరా అదే తెస్తుంది. దీపం బొమ్మ ఉన్న డబ్బా మాత్రం నేను ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
మాజీ ప్రెసిడెంటు
జనార్దనం నాయుడు

తా.క.: పొద్దున ఇడ్లీ తింటూ మా పిల్ల అడిగింది, "నాయినా, నువ్వు ఎవురికి వేసినావు?" అని. పోలీసులొచ్చినా చెప్పనన్నాను.