సర్వే రాయి మునిగింది

అన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఏళ్లుగా పూడిపోయి ఉన్న మన కర్ఖేలి కుంట నిన్నటి వానకు నిండింది. కొంగలు దిగాయి.

ఎన్నేళ్లు కుంట బాగుకని వచ్చిన సర్కారు పైసలన్నీ సర్వేలకే పోయాయి! సర్వేవాళ్లు పాతిన కర్రగుంజలను మనవాళ్లు పీకి మేకలను కట్టేసుకునేవారు. గుర్తులు పోయేవి, సర్వే మళ్లీ మొదలయ్యేది.

"గుంజలైతే పీకుతరు. రాయి పాతుదాం, పట్టు తమ్మీ" అని నువ్వే కుంట నడుమ రాయి పాతించావు. ఈ వేసవిలో ఆ రాయి నుంచే కొలిచి, పూడిక తీసి కట్ట పోశారు. నేనూ తట్ట మోశాను.

ఈ పొద్దున కొత్త ఇంజనీరు నక్షా పట్టుకొచ్చాడు. మళ్లీ కొలవాలి, సర్వే రాయి ఎక్కడని అడిగాడు.

"మా అన్న పాతిన రాయి నీళ్ల కిందున్నది సాబ్. ఇగ కొల్సేదేం లేదు" అన్నాను.