తెరేజా దాకలో అన్నం

మార్చి 8, ఆదివారం

మూడో రోజు. తెరేజా నాతో మాట్లాడుతూనే ఉంది, అదే నా బాధ. "గుడ్ మార్నింగ్" అంటోంది. "వాషింగ్ మెషీన్ ఖాళీయేనా" అంటోంది. తిట్టదు. తిడితే ఈపాటికి తేలిపోయేది.

దేశం కాని దేశంలో, క్లెమెంటి పేటలో, నాలుగేళ్లుగా ఈ ఫ్లాట్ ఇద్దరం పంచుకుంటున్నాం. వచ్చిన రోజు నుంచీ ఆ మట్టి దాక ఆమె స్టవ్ మీదే ఉంది. వాళ్ళ అమ్మమ్మదట. పోర్చుగల్ నుంచి స్వెట్టర్లలో చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. ఇన్నేళ్లలో దాని గురించి అడిగిన పాపాన పోలేదు నేను. పారేశాక తెలిసింది.

మార్చి 9, సోమవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. లేకపోతే రేపటికి తప్పు ఆమెదే అనిపించేలా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

గురువారం నాన్న తద్దినం. పెట్టేది రాజమండ్రిలో అన్నయ్య. ఇక్కడ నేను తలంటుకుని, వంటిల్లు శుద్ధిగా ఉంచుకుంటే చాలు. స్టవ్ మీద చూస్తే తెరేజా దాక. అడుగున రాత్రి వండుకున్న అన్నం, రాజ్మా గింజలు, పంది మాంసం సాసేజ్ ముక్కలు. అమ్మ వీడియో కాల్‌లో చూసేసింది.

"అదేంటే? మట్టిదా? ఇత్తడైతే చింతపండేసి తోముకోవచ్చు. మట్టికి పట్టింది ఎంత కడిగినా పోతుందా... పారెయ్."

పారేశాను. రెండో ఆలోచన లేదు. చెత్త కిందికి జారిపోయే గొట్టం, ఆ షూట్ నోట్లో పట్టకపోతే పక్కకి తిప్పి తోశాను. తొమ్మిది అంతస్తులు కిందికి పోయిన చప్పుడు విన్నాను కూడా. తర్వాత సైన్స్ పార్క్‌లో ఆఫీసు, మీటింగులు... సాయంత్రం దాకా అది గుర్తే లేదు.

ఆమె యూనివర్సిటీ నుంచి వచ్చి అల్మారాలన్నీ తెరిచి చూసింది. చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, "ఇంతకంటే మంచిది కొనిస్తాలే" అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు. నా నోరు పడిపోనూ.

మార్చి 10, మంగళవారం

కింద చెత్త గది దగ్గర తమిళ అంకుల్‌ని అడిగాను. "మట్టి చట్టియా? ఆ రోజే లారీ వచ్చి పోయింది మా. ఉన్నా ముక్కలే లా." ఈ ఊరి 'లా' తగిలించి నవ్వి, చీపురు పట్టుకున్నాడు.

మార్చి 11, బుధవారం

తెరేజా పళ్ళు తోముకుంటూ చెప్పింది. యూనివర్సిటీ హాస్టల్లో, యూ టీలో, గది దొరికిందట. ఇరవై ఒకటిన సామాను లారీ.

"దాక గురించేనా?"

"ఒక్క దాక గురించే కాదు."

ఇంకా దేని గురించో చెప్పదు. చెప్పకుండా నన్నే కనుక్కోమంటుంది. ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 12, గురువారం

సారీ చెప్పాను. "ఓకే" అంది. ఆ ఓకేని ఏం చేసుకోను?

మార్చి 13, శుక్రవారం

బస్సులో తట్టింది. పై అర నాది, కింది అర ఆమెది. నా స్పాంజి, ఆమె స్పాంజి. నా గోంగూర పచ్చడి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తింది, నా పప్పు తింది, ఉగాది పచ్చడి రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఆమె చేతి వంట నేను ఒక్క ముద్ద తినలేదు. మొదట్లో మాంసం లేకుండా వండి పిలిచేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. తర్వాత పిలవడం మానేసింది.

ఆ దాకలో వండుకునే అన్నం నేను వండాలి. వెళ్ళేలోపు.

మార్చి 14, శనివారం

అన్నం ఏడ్చినట్టు వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకు, టమాటా, ఉడికిన రాజ్మా దాని నీళ్ళతో సహా. ఇంతవరకూ సరే. తర్వాత నా చేతులు నా మాట వినలేదు. ఆవాలు చిటపటమన్నాక గానీ తెలివి రాలేదు. ఇంగువ కూడా పడింది. సోనా మసూరి మూడు విజిల్స్‌కి పొడిపొడిగా, మల్లెపూలల్లే.

తెరేజా ఒక చెంచా తింది. "బాగుంది, నీ రాజ్మా రైస్."

నీ రాజ్మా రైసట.

మార్చి 16, సోమవారం

ఎప్పుడో చెప్పింది, ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ అన్నాన్ని వాళ్ళ భాషలో తుంటరి పిల్లాడు అంటారట. కంచంలో కుదురుగా కూర్చోకూడదు, అంచులకి జారిపోవాలి. మా ఇంట్లో అన్నం చిమిడితే అమ్మ సాయంత్రం దాకా సాధించేది. అలాంటిది కావాలని చిమడబెట్టడం ఎలా? పొట్టి జపనీస్ బియ్యం తెచ్చాను. ధారాళంగా నీళ్ళు పొయ్యడానికి చెయ్యి రాలేదు. అడుగంటింది.

మార్చి 18, బుధవారం

మూడోసారి. ఈసారి జారింది! కంచంలో నిజంగానే పరిగెత్తింది. తెరేజా నోట్లో పెట్టుకుని, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది.

"ఉప్పు... నువ్వు రుచి చూడలేదా?"

"వండేటప్పుడు చూడను. చూస్తే ఎంగిలవుతుంది."

"ఎప్పుడూ? ఈ నాలుగేళ్లూ నేను తిన్నవన్నీ... చూడకుండానే?"

"కంటితోనే వేస్తాను."

నవ్వు వచ్చింది ఆమెకి, దాచుకుంది. వెళ్ళి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంది. టేపు లాగిన చప్పుడు వినలేక ఫ్యాన్ పెంచాను.

మార్చి 19, గురువారం

అమ్మ ఫోన్. "ఇంకా ఆ పిల్ల గొడవేనా? కుండేగా."

"కుండ కాదమ్మా, దాక." పెట్టేశాను. పాపం అమ్మని అని ఏం లాభం. తోసింది నా చెయ్యి.

మార్చి 20, శుక్రవారం

లిటిల్ ఇండియాలో కొత్త దాక చేతిలోకి తీసుకున్నాను. "మంచిది కొనిస్తాలే" గుర్తొచ్చింది. అక్కడే పెట్టేసి వచ్చాను.

మార్చి 21, శనివారం

లారీ నాలుగింటికి. గుమ్మం దగ్గర ఆరు పెట్టెలు. మూడింటికి మళ్ళీ పొయ్యి వెలిగించాను, నా పప్పు గిన్నెతోనే. నాన్న తద్దినం రోజు పప్పు వండింది అందులోనే.

తెరేజా వచ్చి పక్కన నిలబడింది. అడగలేదు. నా చేతిలో గరిటె తీసుకుని, కాస్త ఊది, నోట్లో పెట్టుకుని చూసింది. మళ్ళీ అదే గరిటెతో గిన్నెలో కలిపింది. ఎంగిలి గరిటె. అది ఆమెకీ తెలుసు, నా మొహం వంకే చూస్తోంది.

"ఉప్పు" అంది. గరిటె నా వైపు చాపింది.

తిన్నాను. ఉప్పు తక్కువే. చిటికెడు వేశాను. ఆమె చూసింది, మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ చూశాను. ఇలా ఎవరి గరిటె ఎవరు నాకారో లెక్క లేదు. కొత్తిమీర వేసి స్టవ్ కట్టేశాను.

ఆమె ఫోన్ మోగింది. లారీ కింద ఉందట. "ఐదు నిమిషాలు" అని చెప్పింది. ఆ అన్నం వెంటనే తినెయ్యాలట, ఆగితే నీరంతా పీల్చుకుని గట్టిపడిపోతుందట. కంచాలు నేనే తీశాను. సాసేజ్ లేదని ఆమె ఏమీ అనలేదు.

ఉండిపో అని అడగాలి. నోటికి మాట రావడం లేదు. అడగాల్సినప్పుడే రాదు దీనికి.

ఐదు నిమిషాలన్నది ఇరవై నిమిషాలు దాటింది. ఆమె రెండోసారి వడ్డించుకుంటోంది. నేను చెయ్యి కడుక్కుని ఇది రాస్తున్నాను. ఫోన్ మళ్ళీ మోగుతోంది.