ఏనుగు వెనక చెమ్మ

ఏమండీ,

మీరు అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ కులాసాయే అని రాయబోయి ఆగాను. ఫోన్లో చెబితే మధ్యలో మాట తుంచేస్తారు, అందుకే ఈ ఉత్తరం. కూర్చున్నచోట కాలు నిలవడం లేదు. మాటిమాటికీ లేచి వెళ్లొస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి.

మీరడిగినవాటికి ముందు జవాబులు. అత్తయ్యకి కొత్త కళ్లజోడు బాగా కుదిరింది. ఇప్పుడు నా వంటలో లేని వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయట. చిన్నదాని గదిలో రంగు నిలిచిందా అన్నారు. రంగు బ్రహ్మాండంగా నిలిచింది, గోడే నిలవలేదు.

సెలవుకి వచ్చినప్పుడల్లా మీరు ఆ మూల నల్లమచ్చని గీకి, ఒక కోటు వేసి, చేతులు దులుపుకుని వెళ్తారు. మీరు బండెక్కగానే అది మళ్లీ పైకొస్తుంది. పోయినసారి ఏకంగా దానిమీద నీలం ఏనుగును వేశారు. ఈసారి బూజు ఏనుగు పొట్టలోంచి వచ్చింది. బ్లీచింగ్ నీళ్లతో రుద్దాను, మంచం జరిపాను, కిటికీ తెరిచే ఉంచాను. చూస్తుండగానే తలుపంత వెడల్పయింది. గదంతా తడిగోనె వాసన.

"పైన పటారం లోన లొటారం. ఇది మనవల్ల అయ్యే పని కాదే, తెలిసినవాళ్లని పిలువు" అన్నారు అత్తయ్య.

"పెయింటర్ ఇంటి గోడకి వేరేవాళ్లొస్తే వీధంతా నవ్వుతుంది అత్తయ్యా" అన్నాను. మీరనే మాటే అది.

ఇక చెప్పక తప్పదు. చిన్నదాని దగ్గు తగ్గిందని పోయిన ఉత్తరంలో రాశాను. తగ్గలేదు. పడుకుంటే చాలు, పిల్లికూతలు. డాక్టరమ్మ వీపుమీద గొట్టం పెట్టి విని, "పాప పడుకునే గదిలో బూజు ఉందా?" అని అడిగారు. నేను చిన్నదాని గౌను సర్దుతూ, "లేదండీ" అన్నాను. పెయింటర్ పెళ్లాన్ని కదా!

నా ఒళ్లో కూర్చున్న మీ కూతురు, "ఉంది. ఏనుగు కింద" అంది.

ఇంటికి రాగానే చెమ్మ పనులు చేసేవాళ్లని పిలిచాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే "నేనొచ్చి చూస్తాలే" అంటారు. ఇప్పుడు వాళ్లు లోపల గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కట్టి గోడ కొడుతున్నారు. చిన్నదాన్ని అత్తయ్య పక్కింటికి తీసుకెళ్లారు. గోడలో బాత్రూం పైపు ఎన్నాళ్లనుంచో కారుతోందట. మేస్త్రీ ఒక పెచ్చు తెచ్చి చూపించాడు. పచ్చ, గులాబీ, నీలం, మీ కోట్లన్నీ పొరలుపొరలుగా ఉన్నాయి. వెనకంతా నలుపే.

"ఎవరు వేశారోగానీ పనిమంతుడమ్మా. ఎక్కడా పగల్లేదు" అన్నాడు.

"మా ఆయనే" అన్నాను. సిగ్గూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఇందాక మళ్లీ పిలిచాడు. "ఏనుగు తల దగ్గర గోడ కాస్త గట్టిగానే ఉన్నట్టుంది. ఉంచేద్దామా అమ్మా?"

ఆ కన్ను దిద్దడానికి మీరు సాయంత్రమంతా నిచ్చెనమీదే ఉన్నారు. కింద పట్టుకున్నది నేనే. వెళ్లి చేత్తో తడిమాను. చల్లగా, చెమ్మగా తగిలింది. "కొట్టేయండి" అని ఇవతలికొచ్చి ఏడ్చాను.

కోపమొస్తే వచ్చి ఎదురుగా తిట్టండి. గోడ ఆరేదాకా మాత్రం బ్రష్ ముట్టనివ్వను. ఆరాక ఏనుగును మీరే వేయాలట. ఈసారి దాని కింద ఏమీ ఉండకూడదని చెప్పమంది మీ కూతురు.

ఇట్లు,
మీ మాట దాటిన
మీ ఇల్లాలు